చవక అద్దెల పేటలు: పులికాట్ తీరం చెప్పే చరిత్ర

మన కుటుంబాల్లో ఎవరికైనా కొత్త ఊళ్ళో ఉద్యోగమో, వ్యాపారమో కుదిరిందంటే ఇంట్లో పెద్దవాళ్ళు వెంటనే అడిగే మాటలు మూడు. అద్దెకెంత పోతుంది? నీళ్ళు తీపా, ఉప్పా? మసీదు నడిచి పోయే దూరంలో ఉందా? ఈ ప్రశ్నలు ఈనాటివి కావు. మన పులికాట్ సరస్సు చుట్టుపక్కల నాలుగైదు వందల ఏళ్ళుగా మనుషులు ఇవే అడుగుతూ వచ్చారు, ఇవే చూసుకుని మూటాముల్లె సర్దుకున్నారు. అందుకే ఈ ఏడాది సంచికలో రాజుల సంగతి కొంచెం తగ్గించి, తక్కువ ఖర్చుతో బతకగలిగే పేటలు ఈ తీరంలో ఎట్లా పుట్టాయో, ఎట్లా పోయాయో చెప్పుకుందామని పూనుకున్నాం.

పులికాట్ సరస్సు పొడవు సుమారు 60 కి.మీ. చిలికా తర్వాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం సూళ్ళూరుపేట, తడ వైపు మన తెలుగు నేలలోనే ఉంది. 2022 ఏప్రిల్ దాకా ఈ రెండు ఊళ్ళూ నెల్లూరు జిల్లా, ఆ తర్వాత తిరుపతి జిల్లా. పులికాట్ పట్నం మాత్రం సరస్సు దక్షిణపు కొసన, తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలో పడింది. తమిళులు పళవేర్కాడు అంటారు, తెలుగువాళ్ళు ప్రళయ కావేరి అన్నారు. లుంగీల కొట్టుకు పోయి "పళయకాట్ లుంగీ ఇవ్వు" అనేవాళ్ళలో ఎంతమందికి అది ఒక ఊరి పేరని తెలుసో మరి!

1516 ప్రాంతంలో ఈ తీరాన్ని గురించి రాసిన పోర్చుగీసు ఉద్యోగి దువార్తె బర్బోసా పులికాట్ రేవులో ముస్లిం వర్తకులూ, హిందూ వర్తకులూ చాలామంది ఉన్నారనీ, పెగూ నుంచి కెంపులు వచ్చేవనీ, అద్దకం గుడ్డలు ఇక్కడ విస్తారంగా తయారయ్యేవనీ చెప్పాడు. అంటే డచ్చివాళ్ళు రాకముందే ఇది నిండైన ఊరు. ఓడల మీద బతికే మరక్కాయర్లు, లబ్బైలు, తెలుగు మాట్లాడే బలిజ సెట్లు, చేపలు పట్టే పట్టపువాళ్ళు, నేతగాళ్ళు అందరూ ఒకే రేవును నమ్ముకున్నవాళ్ళు. డచ్చి కంపెనీతో వ్యవహారం నడిపిన మలయ, చిన్నన్న సెట్టి సోదరుల పేర్లు ఆ కంపెనీ కాగితాల్లో మాటిమాటికీ కనిపిస్తాయి.

డచ్చివాళ్ళు 1610లో విజయనగర రాజు వేంకటపతిరాయల అనుమతితో ఇక్కడ వర్తకశాల పెట్టారు. 1612లో పోర్చుగీసువాళ్ళు దాన్ని ధ్వంసం చేయడంతో, 1613లో గెల్డ్రియా కోట లేచింది. 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమాండల్ తీరంలో డచ్చివాళ్ళ ముఖ్య స్థావరం ఇదే. ఇక్కడి గళ్ళగుడ్డలు తూర్పు దీవులకు పోయేవి, వాటికి బదులు జాజికాయ, లవంగం వచ్చేవి. కోట నీడన పని దొరుకుతుంది, దొంగల భయం తక్కువ అని చుట్టుపక్కల పల్లెల జనం వచ్చి చేరారు.

కానీ ఒక్కటి దాచిపెట్టకూడదు. ఇదే రేవు నుంచి డచ్చివాళ్ళు వేల మందిని బానిసలుగా ఓడలెక్కించి బతావియాకు పంపారు. కరువు వచ్చిన ఏళ్ళలోనే, అంటే 1618-20లోనూ 1645-46లోనూ, ఈ వ్యాపారం బాగా పెరిగింది. తిండిగింజల ధర ఆకాశాన్ని అంటితే మనిషి ధర నేలకు దిగింది. కట్టుకున్న గుడిసె ఎంత చవకదైనా, గింజలు కొనలేనివాడికి ఆ చవక ఏం ఒరగబెట్టింది?

ఇక ఇంగ్లీషువాళ్ళ సంగతి. వాళ్ళు 1626లో సరస్సుకు ఉత్తరాన దుగరాజపట్నంలో దిగారు, ఆ చోటును ఆర్మగాన్ అని పిలుచుకున్నారు. అక్కడ సరుకు సరిగా దొరకలేదు, పక్కనే పులికాట్‌లో డచ్చివాళ్ళ పోటీ. అందుకని ఫ్రాన్సిస్ డే దక్షిణాదికి పోయి, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మదరాసపట్నం జాగా సంపాదించాడు. అక్కడ ఉన్నదల్లా ఇసుక. ఓడ నిలవడానికి సరైన రేవు కూడా లేదు. మరి ఆ ఇసుకలోకి జనం ఎందుకు పోయినట్టు?

పన్ను లేదు గనుక! తినేవాటి మీదా, తాగేవాటి మీదా, కట్టుకునేవాటి మీదా 30 ఏళ్ళ పాటు సుంకం ఉండదని ఇంగ్లీషువాళ్ళు చాటింపు వేయించారు. కొద్దికాలంలోనే మూడు, నాలుగు వందల నేత కుటుంబాలు అక్కడ కాపురం పెట్టాయి. మా ఉద్దేశంలో చెన్నపట్నాన్ని కట్టింది ఫిరంగులకన్నా ఎక్కువగా ఈ చాటింపే. కోటకు ఉత్తరాన లేచిన ఆ పేటను తెల్లవాళ్ళు నల్లవాళ్ళ ఊరు అనే అర్థంలో బ్లాక్ టౌన్ అన్నారు.

నేతగాడికి ఇల్లంటే నాలుగు గోడలు, కప్పు మాత్రమే కాదు. ఇంట్లో మగ్గం గుంట తవ్వుకోవాలి, తేమ నిలవాలి కాని నీళ్ళు ఊరకూడదు. ఇంటి ముందర పడుగు చాపి గంజి పట్టించడానికి పొడవైన వీధి కావాలి. పడుగు ఎండకు పెళుసెక్కి తెగకుండా చెట్ల నీడ కావాలి. ఆడవాళ్ళు కండెలు చుడతారు, పిల్లలు ఆసు పోస్తారు. అందుచేత అద్దె తక్కువని చెప్పి ఇరుకు సందులో గది ఇస్తే నేతగాడికి అది దండగే. ఈ సంగతి తెలిసే 1734లో గవర్నరు మోర్టన్ పిట్ కాలంలో కూవం నది మలుపులో నేతగాళ్ళ కోసమే ఒక పేట వేశారు. చిన్న మగ్గాల పేట అనే అర్థంలో తమిళంలో చిన్న తరి పేట్టై, అదే నేటి చింతాద్రిపేట. మగ్గం ఎక్కడుంటే నేతగాడు అక్కడే ఉంటాడు, నేతగాడు ఎక్కడుంటే గుడ్డ అక్కడ దొరుకుతుంది. కంపెనీకి దయ ఉండి కాదు, లెక్క తెలిసి కట్టింది.

చవకకు గడువు ఉంటుందని కూడా ఆ పేటే చూపించింది. జనం కుదురుకున్నాక ఇంటి పన్ను వచ్చింది. 1686లో ఆ పన్ను మీద బ్లాక్ టౌన్ జనం అంగళ్ళు మూసి నిరసన తెలిపారు. 1688 సెప్టెంబరు 29న మద్రాసు కార్పొరేషన్ మొదలైంది. ఊరివాళ్ళనే సభలో కూర్చోబెడితే పన్ను గొణక్కుండా కడతారని లండన్‌లోని కంపెనీ పెద్దలు ఆశపడ్డారు. మన మునిసిపాలిటీల పుట్టుక వెనక ఇంత కథ ఉంది మరి.

ఆపైన అసలు దెబ్బ. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసు పట్టుకున్నారు. తిరిగి చేతికొచ్చాక కోట ముందు ఫిరంగి గుండుకు అడ్డు ఉండకూడదని, పాత బ్లాక్ టౌన్ ఇళ్ళను పడగొట్టారు. 1758 నాటికల్లా అక్కడ మైదానం మిగిలింది. ఇప్పుడు హైకోర్టు ఉన్నది ఆ చోటే. వందేళ్ళుగా కాపురం ఉన్నవాళ్ళు ముత్యాలపేటకూ, పెద్దనాయకన్‌పేటకూ తరలిపోయారు. మన్నడి వైపు మూర్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. ముస్లింలను తెల్లవాళ్ళు మూర్లు అనేవారు గనుక ఆ పేరు. తీరం పొడుగునా రేవులు మూతపడి పట్నం చేరిన మరక్కాయర్లకు ఆ మన్నడి వైపు వీధులే పుట్టిల్లు అయ్యాయి. కింద కొట్టు, పైన కాపురం, నాలుగడుగుల దూరంలో మసీదు. ఊరి నుంచి వచ్చిన కుర్రవాడు మొదటి నెల చిన్నాన్న కొట్టులో పడుకుంటాడు, రెండో నెల ఇంకో ముగ్గురితో గది పంచుకుంటాడు. ఈ పద్ధతి మన సభ్యుల్లో చాలామందికి చెప్పనక్కరలేదు.

మరి పులికాట్ ఏమైంది? 1781లో బ్రిటిషువాళ్ళు పట్టుకున్నారు, మళ్ళీ డచ్చివాళ్ళకు ఇచ్చారు, మళ్ళీ తీసుకున్నారు. 1806లో కోటను కూల్చేశారు. చివరికి 1825లో ఊరు పూర్తిగా బ్రిటిషువాళ్ళ పరమైంది. వర్తకమంతా చెన్నపట్నం లాక్కుంది, సరస్సు ముఖద్వారంలో ఇసుక మేట వేసింది. నేడు కోట ఒక మట్టి దిబ్బ. డచ్చి సమాధుల తోట మాత్రం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. దాని వాకిట చెక్కిన అస్థిపంజరాల బొమ్మలు చూస్తే పిల్లలు జడుసుకుంటారు.

ఇక్కడ ఇళ్ళు చవక కావడానికి కారణం ఎవరో మేలు చేసి కాదు, పని పోయి. పెంకుటిళ్ళు, అరుగులు, నడిమి వాకిళ్ళు, పెద్ద తలుపులు ఉన్న ఇల్లు పట్నంలో ఒక గదికిచ్చే అద్దెకు దొరికితే ఎవరికి చేదు? కానీ ఆ ఇంట్లో కూర్చుని ఏం చేసి బతకాలి? మగవాళ్ళు పట్నాలకూ, సముద్రాల అవతలికీ పోయారు. ముస్లిం ఇళ్ళలో ఆడవాళ్ళు తాటాకుతో బుట్టలు, పెట్టెలు అల్లి ఇల్లు గడిపారు. ఆకును సన్నగా చీల్చి, రంగు వేసి, మూతతో సహా అల్లిన ఆ పెట్టెలు దూర దేశాలకు కూడా పోయాయి. గడప దాటకుండా చేసుకోగలిగిన పని కాబట్టి ఆ ఇళ్ళు నిలిచాయని మేమంటాం.

జాలర్లు ఇంకో ఉపాయం పట్టుకున్నారు. సరస్సులో ఎవరు ఏ రోజు ఏ చోట వల వేయాలో వంతుల వారీగా, చీటీలు వేసి పంచుకునే పాడు పద్ధతి అక్కడ తరతరాలుగా ఉంది. వల బలంగా ఉన్నవాడే మంచి చోటు కొట్టేయకుండా అది కొంతవరకు కాచింది. ఇళ్ళ స్థలాలకు ఇలాంటి వంతు ఏ పట్నంలోనూ లేకపోయింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు సముద్రం అంచున చవకగా బతికినవాళ్ళే ముందుగా దెబ్బతిన్నారు.

ఇప్పుడు మన వైపుకు వద్దాం. 1971 అక్టోబరులో శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్టు ఎగిరింది, సూళ్ళూరుపేటకు కొత్త జనం వచ్చారు. 2008లో తడ దగ్గర శ్రీసిటీ మొదలయ్యాక ఫ్యాక్టరీ కుర్రకారు చుట్టుపక్కల ఊళ్ళలో గదులు పంచుకుంటున్నారు. చెన్నై సబర్బన్ రైలు సూళ్ళూరుపేట దాకా వస్తుంది కాబట్టి, కాపురం ఇక్కడ, కొలువు అక్కడ పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. వీళ్ళ అద్దె లెక్క వేసేటప్పుడు రైలు పాసూ, రోజుకు నాలుగైదు గంటల ప్రయాణమూ కలిపి వేయాలి. సర్కారు పట్టణ పేదల కోసం కట్టిన టిడ్కో ఇళ్ళు 300, 365, 430 చదరపు అడుగులవి. గోడ గట్టిదే, మరుగుదొడ్డి లోపలే, సంతోషం. కాని ఇలాంటి కాలనీలు ఊరి చివర పడినప్పుడు కుట్టుమిషను పెట్టుకునే తల్లికి గిరాకీ ఎక్కణ్ణించి రావాలి, తోపుడుబండివాడు మూడో అంతస్తులో ఉంటే బండి ఎక్కడ పెట్టుకోవాలి అన్నవి అడగాల్సిన ప్రశ్నలే. 1734లో మగ్గం కొలత చూసి వీధి వేసినవాళ్ళకు ఈపాటి ఇంగితం ఉండింది.

సభ్యులకు ఒక విన్నపం. పులికాట్, సూళ్ళూరుపేట, తడ, మన్నడి వీధుల్లో మీ పెద్దలు కట్టిన అద్దె రసీదులు, ఇంటి పన్ను చీటీలు, పాత దస్తావేజులు పెట్టెల అడుగున ఉండే ఉంటాయి. చెదలు పట్టకముందే తీసి ఎండబెట్టండి. నకలు తీయించి సంఘం ఆఫీసులో ఇస్తే అసలు కాగితం మీకే తిరిగి అందజేస్తాం. ఏ వీధిలో, ఏ సంవత్సరంలో, నెలకు ఎంత అద్దె అన్నది ఆ కాగితాల నుంచి చూసి, వచ్చే సంచికలో వరుసగా వేయాలని అనుకుంటున్నాం.