లుబాన్ నీళ్ళు, మన అందుగు చెట్టు

మస్కట్‌లో ఉన్న అక్కచెల్లెళ్ళకు లుబాన్ వాసన కొత్త కాదు. మత్రా సూక్‌లో రాశులు పోసి అమ్ముతారు. రాత్రి నీళ్ళలో నానేసి పొద్దున తాగేవాళ్ళున్నారు, నమిలేవాళ్ళున్నారు, ఇప్పుడు ఐస్‌క్రీంలోనూ వేస్తున్నారు.

ఇది సలాలా వైపు ధోఫార్ చెట్టు బంక. బెరడు చెక్కితే పాలలా కారి గడ్డకడుతుంది. దాదాపు రెండువేల ఏళ్ళ కిందటే అక్కడి సుమ్‌హురం రేవులో ఓడలకెక్కింది. ఆ రేవు తవ్వకాల్లో మన దేశపు కంచు బొమ్మ కూడా దొరికింది. మన రాకపోకలు వీసాల కంటే పాతవి మరి!

దీని చుట్టమే మన నల్లమల అడవుల్లోని అందుగు. రెండింటి బంకలోనూ బోస్వెల్లిక్ ఆమ్లాలుంటాయి. 2011లో ఎలుకల మీద చేసిన పరీక్షలో వాటిలో ఒకటి క్లోమం కాన్సర్ ఇతర అవయవాలకు పాకడాన్ని తగ్గించింది. అదే ఏడు జర్మనీలో మెదడు గడ్డలకు రేడియేషన్ తీసుకుంటున్న 44 మందిలో కొందరికి అందుగు బంక మాత్రలిచ్చారు, వాళ్ళలో ఎక్కువమందికి మెదడు వాపు బాగా తగ్గింది. తగ్గింది వాపు, గడ్డ కాదు. రేడియేషనూ ఆపలేదు.

"లుబాన్ నీళ్ళతో కాన్సర్ మాయం" అని మెసేజ్ వస్తే ఒకటి గుర్తుంచుకోండి. ఈ ఆమ్లాలు నీళ్ళలో సరిగ్గా కరగవు. ఆవిరితో తీసే సువాసన నూనెలోకీ రావు. ఊళ్ళో అమ్మకు గడ్డ అని తెలిస్తే లుబాన్ పంపండి, ధూపం వేసుకుంటుంది. ఆసుపత్రి తేదీ మాత్రం తప్పనీయకండి. మాత్రలు కొన్నారా, మింగేముందు ఆ డబ్బా ఫోటో ఆమె డాక్టరుగారికి చూపించమనండి, కీమో మందులతో పడకపోవచ్చు.