ఆన్ పవెల్ : పాలకవర్గం కన్న బిడ్డ

1822 ఏప్రిల్ 22న అల్బియన్ అనే ఓడ ఐర్లండు దక్షిణ తీరాన, కిన్‌సేల్ దగ్గర, రాళ్ళకు కొట్టుకొని పగిలిపోయింది. న్యూయార్కునుంచి లివర్‌పూల్ పోతున్న ఓడ అది. మునిగిపోయిన వారిలో ఆన్ పవెల్ అనే అవివాహిత వున్నది. అప్పర్ కెనడా ప్రధాన న్యాయమూర్తి, శాసనమండలి అధ్యక్షుడు అయిన విలియం డమ్మర్ పవెల్ కుమార్తె ఆమె. పెళ్ళయిన మగవాణ్ణి వెంటాడి ప్రాణం పోగొట్టుకున్న పిచ్చిది అని ఆమె మీద తీర్పు. ఆ తీర్పును నేను అంగీకరించలేను.

అప్పర్ కెనడా అంటే నేటి అంటారియో దక్షిణ భాగం. 1791లో ఏర్పడిన ఆ వలసలో పదవులూ, భూములూ కొద్ది కుటుంబాల చేతుల్లో వుండేవి. తర్వాత ప్రత్యర్థులు ఆ ముఠాకు ‘ఫ్యామిలీ కాంపాక్ట్’ అని పేరు పెట్టారు. 1814లో ఆంకాస్టర్‌లో జరిగిన రాజద్రోహ విచారణల్లో పవెల్ ఒక న్యాయమూర్తి. ప్రాసిక్యూటరు జాన్ బెవర్లీ రాబిన్సన్‌కు అప్పటికి 22 ఏళ్ళే. ఎనిమిదిమందిని వురి తీశారు. కోర్టులో కలిసిన యీ మనుషులే సాయంకాలం ఒకరి యింట్లో ఒకరు విందారగించేవారు. ఆన్ చెల్లెలు మేరీ 1818లో శామ్యూల్ జార్విస్‌ను పెళ్ళాడింది. 1826లో మెకెంజీ పత్రిక అచ్చుయంత్రాన్ని ధ్వంసం చేసిన గుంపుకు నాయకుడు ఆ అల్లుడే!

ఆన్ మనసు రాబిన్సన్ మీద పడింది. అతను 1817లో ఇంగ్లండులో పెళ్ళి చేసుకొని, భార్యతో తిరిగి వచ్చాడు. ఆన్ మనసు మాత్రం మారలేదు.

ఇక్కడ తల్లి కథ చెప్పుకోవాలి. ఆమె మేనత్త ఎలిజబెత్ మరే బోస్టన్‌లో పేరుపడ్డ వ్యాపారి; తన ఆస్తి భర్త చేతికి పోకుండా పెళ్ళికి ముందే ఒప్పందం రాయించుకున్న మనిషి. యువతిగా తల్లి అక్కడ ఆడవాళ్ళ టోపీలు, అలంకార సామాను అమ్మే దుకాణంలో పని చేసింది. దాన్ని గర్వంగా కాక అవమానంగా గుర్తుంచుకున్నది. న్యాయమూర్తి భార్య అయ్యాక యార్క్ నగరంలో మర్యాదలకు కాపలాదారు అయింది. తాను ఒకప్పుడు చేసిన పనిని కూతురికి నిషేధించింది.

మరి ఆ కూతురికి మిగిలిందేమిటి? ఉద్యోగం లేదు, వ్యాపారం లేదు, వోటు లేదు. పెళ్ళి ఒక్కటే జీవనోపాధి. ఆ ఒక్క తలుపూ మూసుకుపోతే తండ్రి యింట్లో వొక గది. తెలివీ, పట్టుదలా వున్న మనిషి శక్తి అంతా ఒకే మనిషి చుట్టూ గడ్డకట్టుకోవడంలో వింత ఏమున్నది?

1822లో రాబిన్సన్ దంపతులు ఇంగ్లండు బయల్దేరారు. తననూ తీసుకుపొమ్మని ఆన్ పట్టుపట్టింది. అతను నిరాకరించాడు. యింట్లోవాళ్ళు ఆమెను కట్టడి చేశారు. ఆమె తప్పించుకొని వాళ్ళ వెనుక న్యూయార్కు చేరింది. తర్వాత ఎక్కిన ఓడ అల్బియన్. రాబిన్సన్ 1829లో ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.

‘యీ దొరసాని కన్నీళ్ళతో మనకేం పని?’ అని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అదే యార్క్‌లో పీటర్ రస్సెల్ అనే పాలకవర్గపు పెద్దమనిషి 1806లో పెగ్గీ అనే బానిస స్త్రీనీ, ఆమె కొడుకు జూపిటర్‌నూ అమ్ముతానని పత్రికలో ప్రకటన వేశాడు. పెగ్గీ దుఃఖం ముందు ఆన్ దుఃఖం చిన్నదే. కాని యీ రెండూ ఒకే యింటి లెక్కల్లోవి. ఒకరిని ఆస్తిగా అమ్మిన వర్గమే, మరొకరిని ఆస్తికోసం కట్టిపెట్టింది.

ఆన్ గురించి మనకు తెలిసింది చాలావరకు తల్లి తన సోదరుడికి రాసిన ఉత్తరాలనుంచే. పెగ్గీ గురించి తెలిసింది యజమాని ప్రకటననుంచి. ఇద్దరి మాటా మనదాకా రాలేదు. రాసిపెట్టిన వారి చేతిరాతను చరిత్ర అనుకున్నంతకాలం, చచ్చినవాళ్ళే పిచ్చివాళ్ళుగా మిగులుతారు.