ఐదక్షరాల ఇంగ్లీషు పదాలలో ‘క్యూ’

ఇంగ్లీషు వర్ణమాలలో పదిహేడవదైన ‘క్యూ’ మామూలు రచనలో సుమారు వెయ్యి అక్షరాలకు ఒక్కసారి మాత్రమే కనిపించేంత అరుదైనది. అది ఉన్న పదాలలో సరిగ్గా ఐదు అక్షరాలతో ముగిసేవాటిని వేరు చేస్తే మిగిలేది చిన్న సముదాయం. పదక్రీడలు ఆడేవారు ఈ పదాలను పాయింట్ల కోసం కంఠస్థం చేయడం పరిపాటి. అయితే ఐదు గళ్లలో క్యూ ఎన్నవ గడిలో ఉన్నదో చూస్తే ఆ పదం ఇంగ్లీషులోకి ఏ దారిన వచ్చిందో చాలావరకు తెలుస్తుంది కనుక, ఈ సముదాయాన్ని భాషాచరిత్రకు ఆధారంగా పరిశీలించడమే ఎక్కువ ఫలవంతం.

ఫినీషియన్ లిపిలోని ‘కోఫ్’ గ్రీకులో ‘కోప్పా’గా మారి, లాటిన్‌కు చేరి క్యూ అయింది. లాటిన్‌లో దాని వెంట నేటి ‘యు’కు మూలమైన అక్షరాన్ని రాయడం స్థిరపడి, ఆ జంట ‘క్వ’ ధ్వనికి గుర్తుగా నిలిచింది. ప్రాచీన ఇంగ్లీషుకు ఈ జంటతో పని లేకపోయింది. నేడు క్వీన్, క్విక్ అని పలికే పదాల పూర్వరూపాలను ఆనాటి లేఖకులు ‘సి’తో మొదలుపెట్టి, దాని పక్కన ‘వ’ ధ్వనికి తమకున్న ప్రత్యేక చిహ్నాన్ని చేర్చి రాసేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత, ఫ్రెంచి రాతపద్ధతికి అలవాటుపడిన లేఖకులు క్రమంగా ఆ కూర్పును తొలగించి క్యూ-యు జంటను నెలకొల్పారు. అందువల్ల జర్మానిక్ మూలం గల క్వీన్, లాటిన్ సంతతికి చెందిన క్వెస్ట్, క్వోట్ ఒకే రకమైన ఆరంభంతో నేడు నిఘంటువులో పక్కపక్కన కనిపిస్తాయి.

క్యూ తరువాత యు, దాని తరువాత మరొక అచ్చు రావడం ఈ పదాలలో రివాజు కాబట్టి, క్యూకు ఐదు గళ్లలో మొదటి మూడు మాత్రమే అందుబాటులో ఉంటాయి. అత్యధిక పదాలలో అది మొదటి గడిలోనే ఉంటుంది. వరుస అనే అర్థంలో తెలుగువారు రోజూ వాడే ‘క్యూ’ కూడా ఇంగ్లీషు రాతలో ఐదక్షరాల పదమే. అందులో మొదటి అక్షరం పేరు పలికితే పదమంతా పలికినట్లే, తక్కిన నాలుగు అచ్చులూ ఉచ్చారణకు కొత్తగా చేర్చేదేమీ లేదు. రెండవ గడిలో ఉన్నప్పుడు ముందు ‘ఎస్’ గాని ‘ఇ’ గాని ఉండడం సాధారణం: స్క్వాడ్, స్క్విడ్, ఈక్వల్, ఈక్విప్. మూడవ గడిలో ఉన్న టోక్ (వంటవారి టోపీ), పీక్ (చిన్నబుచ్చుకున్న కోపం) ఫ్రెంచి నుంచి వచ్చినవి. వీటి చివరి యు, ఇ పలకవు.

నాలుగు, ఐదు గళ్లు ఈ రివాజుకు లోబడని పదాలకు మాత్రమే దక్కుతాయి. బుర్ఖాలో క్యూ నాలుగవది, తలాక్‌లో ఐదవది. అరబ్బీలో ‘కాఫ్’ అనే అక్షరానికి కొండనాలుక దగ్గర పుట్టే ఒక ప్రత్యేకమైన ‘క’ ధ్వని ఉంది. మామూలు ‘క’కు ‘కె’ను కేటాయించిన లిప్యంతరీకరణలో దీనికి క్యూ నియతమైంది, కనుక వెంట యు అవసరం లేదు. ఫకీర్, నికాబ్, మక్కాలోని కాబా దిక్కును తెలిపే కిబ్లా, కొండపాదం నుంచి పొలాలకు వాలు ఆధారంగా నీరు తెచ్చే భూగర్భ కాలువ కనాత్ ఈ కోవలోనివే. ఇరాన్‌లోని కనాత్‌లను యునెస్కో 2016లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వీటిలో ఫకీరు, తలాక్, బురఖా దక్కనులో శతాబ్దాలపాటు సాగిన పర్షియన్, ఉర్దూ వ్యవహారం మూలంగా తెలుగులోనూ స్థిరపడ్డాయి. ఆ కొండనాలుక ధ్వనికి తెలుగులో వేరే లిపి లేనందున అది క, ఖలలో కలిసిపోయింది; ఇంగ్లీషువారు కూడా దానిని మామూలు ‘క’గానే పలుకుతారు గాని, రాతలో దాని జాడను క్యూ నిలిపి ఉంచింది. ఇన్యూట్ ప్రజల తోలు పడవ ఉమియాక్ చివర క్యూ రావడానికి కారణం కూడా అటువంటి ధ్వనే.

ఇటువంటి పదాలకు స్క్రాబుల్ ఆటలో ప్రత్యేక విలువ ఉంది. దానిని రూపొందించిన అమెరికన్ వాస్తుశిల్పి ఆల్‌ఫ్రెడ్ బట్స్ వార్తాపత్రికలలో అక్షరాలు ఎంత తరచుగా వస్తాయో లెక్కగట్టి బిళ్లల సంఖ్యను నిర్ణయించాడు. 100 బిళ్లల ఇంగ్లీషు పెట్టెలో క్యూ ఒక్కటే, దాని విలువ 10 పాయింట్లు, యు బిళ్లలు నాలుగు. అవి అయిపోయాక చేతిలో మిగిలిన క్యూకు యు అక్కరలేని పదాలే ఆధారం. జోష్ వార్డిల్ సృష్టించగా 2021లో ప్రజలకు అందుబాటులోకి వచ్చి, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుగోలు చేసిన వర్డిల్‌లో దీనికి భిన్నంగా, జవాబులు సుపరిచిత పదాలే కనుక మొదటి గడిలో క్యూ తేలితే రెండవది దాదాపు నిశ్చయంగా యు అవుతుంది.

లూయిస్ కరోల్ 1877లో కల్పించిన పదాల నిచ్చెనలో, అంటే ఒక్కొక్క అక్షరం మార్చుతూ ఒక పదం నుంచి అదే నిడివి గల మరొక పదానికి చేరే ఆటలో, క్యూ పదాల స్వభావం ఇంకా స్పష్టమవుతుంది. క్వైట్, క్వోట్, క్వోటా వంటివి తమలో తాము సులభంగా మారతాయి గాని, క్యూను వదిలి బయటకు పోయే దారులు తక్కువ. క్వైట్ నుంచి స్వీట్ (హోటలు గదుల సముదాయం), క్వెస్ట్ నుంచి గెస్ట్, క్వి‌ల్ట్ నుంచి గిల్ట్ లేదా బిల్ట్ అటువంటి దారులు; ఉచ్చారణ ఎలా ఉన్నా రాతలో ఇవి ఒక్క అక్షరం తేడా గలవి. ఈక్వల్‌లో మాత్రం ఏ అక్షరాన్ని మార్చినా సుపరిచితమైన మరొక పదం ఏర్పడదు.