మిగిలిపోయిన స్థూపము: మాంటిస్సోరి శిశువిద్య పుట్టుక

1907 జనవరి 6వ తేదీన రోము నగరమున శాన్ లొరెంజో అను పేదల పేటలో ఒక చిన్న బడి తెరువబడెను. తెరచినవారికి ముఖ్యముగా కావలసినది విద్యాసంస్కరణము కాదు, గోడల రక్షణము. అచ్చటి అద్దె ఇండ్లను ఒక గృహనిర్మాణ సంస్థ బాగుచేయించినది. తలిదండ్రులు పనులకు పోగా, బడియీడు రాని పిల్లలు పగలంతయు మెట్లమీద తిరుగుచు గోడలు పాడుచేయుచుండిరి. మాటిమాటికి మరమ్మతు చేయించుటకంటె పిల్లలను ఒక గదిలో చేర్చి కనిపెట్టియుండుట మేలని సంస్థవారు తలచిరి. ఆ పని డాక్టర్ మరియా మాంటిస్సోరికి అప్పగించిరి. సుమారు 50 మంది పిల్లలు చేరిన ఆ గదికి 'బాలల గృహము' అని పేరు వచ్చెను.

మాంటిస్సోరి పంతులమ్మ కాదు, వైద్యురాలు. 1870లో జన్మించి, 1896లో రోము విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను. మనోవ్యాధుల చికిత్సాలయమున పనిచేయు రోజులలో, పిచ్చివారితోబాటు బంధింపబడిన మందబుద్ధి బాలలను చూచెను. వారికి మందులకంటె విద్య ముఖ్యమని ఆమెకు తోచెను. ఇటార్, సెగేన్ అను ఇద్దరు ఫ్రెంచి వైద్యులు ఈ దారిలో ముందే నడచియుండిరి. వారి గ్రంథములను ఆమె ఇటాలియన్ భాషలోనికి మార్చి, మొదటినుండి తుదివరకు స్వహస్తముతో వ్రాసికొనెను. ఆమె చేతిలో చదువు నేర్చిన మందబుద్ధి బాలలు కొందరు సామాన్య బాలలతోపాటు పరీక్షకు కూర్చుండి ఉత్తీర్ణులైరి. అందరును మెచ్చుకొనిరి. ఆమెకు మాత్రము ఒక సందేహము పట్టుకొనెను. వీరే ఇంత నేర్వగలిగినచో, ఆరోగ్యవంతులైన పిల్లలను ఇంత క్రింది మెట్టుమీద ఆపివేయుచున్నది ఏమి? శాన్ లొరెంజో గదిలో ఆ సందేహమునకు పరీక్ష జరిగెను.

అచ్చటి పరికరములలో ఒకటి చెక్క దిమ్మె. అందులో పది గుంటలు, వాటిలో అమరునట్టి పది స్థూపములు ఉండును. ఒక్కొక్క స్థూపమునకు పట్టుకొనుటకు చిన్న పిడి ఉండును. సన్నని స్థూపమును వెడల్పు గుంటలో వేసినచో చివరకు ఒక స్థూపము ఏ గుంటలోను పట్టక మిగిలిపోవును. పిల్లవాడు దానివంక చూచును, అన్నిటిని తీసి మరల వెదకును. 'తప్పు' అని చెప్పుటకు ఉపాధ్యాయిని అక్కరలేదు, బెత్తము అసలే అక్కరలేదు. ఈ పద్ధతికి ఆయువుపట్టు ఇదియే. ఒక చిన్న పాప ఈ దిమ్మెతో పనిచేయుచుండగా, కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టినను, చుట్టును పిల్లలచేత పాటలు పాడించినను తల త్రిప్పలేదట. నలుబది సార్లకు పైగా ఆ పనినే చేసి, సంతోషముతో లేచెను.

మరియొక పరికరము గులాబిరంగు ఘనముల గోపురము. ఒక సెంటీమీటరు మొదలు పది సెంటీమీటర్ల భుజము వరకు పది ఘనములు. పెద్దదాని ఘనపరిమాణము చిన్నదానికి వేయిరెట్లు. పిల్లవానికి ఆ లెక్క తెలియదు గాని, చేతికి బరువు తెలియును.

ఒకనాడు బీరువాకు తాళము వేయుట మరచిన ఉపాధ్యాయిని ఆలస్యముగా వచ్చెను. అప్పటికే పిల్లలు ఎవరికి కావలసిన వస్తువు వారు తీసికొని పనిలో మునిగియుండిరి. ఆమె దీనిని దొంగతనమనుకొనెను. మాంటిస్సోరి మాత్రము పిల్లలకు ఎన్నుకొను శక్తి కలదని గ్రహించెను. తరువాత పిల్లల చేతికందు పొట్టి అరలు వచ్చెను.

గరుకు కాగితముతో చేసిన అక్షరములను పిల్లలు వ్రేళ్లతో తడవి నేర్చుచుండిరి. ఒకనాడు డాబామీద పొగగొట్టపు బొమ్మను సుద్దతో గీసిన ఐదేండ్ల బాలుడు, ప్రక్కనే 'చేయి', 'పొగగొట్టము' అను అర్థముగల మాటలు వ్రాసి, తనకు వ్రాయవచ్చునని కేకలు వేసెను. ఇటాలియన్‌కు అక్షరములు 21 మాత్రమే, వ్రాతయు చాలవరకు పలుకును అనుసరించును. గుణింతములు, వత్తులు గల తెలుగునకు ఆ వేగము ఆశింపరాదు.

కీర్తితోపాటు విమర్శయు వచ్చెను. 1914లో కొలంబియా విశ్వవిద్యాలయాచార్యుడు కిల్‌పాట్రిక్, ఇంద్రియశిక్షణను గూర్చిన ఈ సిద్ధాంతము కాలము చెల్లినదనెను. అమెరికాలో ఈ పద్ధతి చాలకాలము వెనుకబడెను.

1939లో దివ్యజ్ఞాన సమాజమువారి ఆహ్వానముపై ఆమె మద్రాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నారంభించెను. కోస్తా ఆంధ్ర, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రములోనివే. 1940లో ఇటలీ యుద్ధమున దిగగా ఆమె శత్రుదేశీయురాలయ్యెను. కుమారుడు మారియో నిర్బంధింపబడెను. ఆమె 70వ జన్మదినమున ప్రభుత్వమువారు అతనిని విడిచిపెట్టిరి. 1946 వరకు ఆమె మన దేశముననే ఉండి వేయిమందికి పైగా ఉపాధ్యాయులను తయారుచేసెను. 1952లో హాలెండులో మరణించెను.

కిల్‌పాట్రిక్ ఆక్షేపణను పరీక్షించుటకు చాలకాలము పట్టినది. అమెరికాలోని మిల్వాకీ నగరమున ఇట్టి బడిలో సీట్లు లాటరీ వేసి ఇచ్చెడివారు. సీటు వచ్చినవారిని, రానివారిని పోల్చిన పరిశోధన 2006లో వెలువడెను. సీటు వచ్చిన ఐదేండ్లవారు చదువులోను, లెక్కలలోను, తోటివారితో మెలగుటలోను ముందుండిరి. అయితే అది పద్ధతిని తు.చ. తప్పక పాటించిన బడి. ఆ పేరు గల ప్రతి బడికి ఈ ఫలితము వర్తింపదు. అమెరికాలో 'మాంటిస్సోరి' అను పేరు ఎవరి సొత్తును కాదని 1967లోనే తీర్పు వచ్చియుండెను.