బేగం పేరేమిటి?

అక్బర్ తల్లి హమీదా బానుకు మరియం మకానీ అని బిరుదు. జహంగీర్ తల్లికి మరియం ఉజ్ జమానీ అని బిరుదు. ఒకరు అత్త, ఒకరు కోడలు. అత్త 1604లో పోయింది, కోడలు 1623లో. ఈ కోడలు అంబర్ రాజు భార్‌మల్ కూతురు. అయినా ఆ "మరియం" అన్న మాట పట్టుకుని ఆమెను కిరస్తానీ చేసిన రాతలున్నాయి. ఖురాన్‌లో మరియం పేరుతో ఒక సూరాయే ఉందని, మన వాడల్లో మరియంబీలు ఎందరో ఉన్నారని తెలిస్తే ఆ మాట రాసేవాళ్ళా?

మరి విజ్ఞాన సర్వస్వంలో ఆమెను ఏ పేరు కింద చేర్చాలి? జనం జోధాబాయి అంటారు. 1960లో "మొఘల్ ఎ ఆజమ్", 2008లో "జోధా అక్బర్" ఆ పేరుని గట్టిచేశాయి. అక్బర్ కాలం నాటి చరిత్రల్లో ఆయన భార్యకు ఆ పేరు లేదు. జోధ్‌పూర్ ఆడపడుచు నిజానికి జహంగీర్ భార్య జగత్ గోసాయిన్, షాజహాన్ తల్లి. కోడలి ఊరి పేరు అత్తకు అంటుకుంది!

పుట్టింటి పేరు అక్బర్‌నామాలో లేదు కాబట్టి "అక్బర్ హిందూ భార్య" అని రాసి ఊరుకుంటే సరిపోదు. ఆ పేరులో భర్త ఉన్నాడు, మతం ఉంది, మనిషి లేదు. హజ్ యాత్రికుల్ని మోసిన రహీమీ ఓడ ఆమెది. 1613లో పోర్చుగీసువాళ్ళు దాన్ని పట్టుకుంటే మొఘల్ దర్బారు ఊగిపోయింది. ఓడలు నడిపిన నాటికి ఆమె మరియం ఉజ్ జమానీ. ఆ పేరే పెట్టాలి.

బతికుండగా ఏ పేరుతో మెలిగిందో ఆ పేరే ముందు రావాలంటాను. మెహరున్నీసా 1616లో నూర్జహాన్ అయింది, ఆ పేరుతోనే నాణేలు పడ్డాయి. కనుక నూర్జహాన్. ఔరంగజేబు భార్య దిల్‌రస్ బాను సంగతి వేరు. రాబియా ఉద్ దౌరానీ అన్నది ఆమె 1657లో పోయాక వచ్చిన బిరుదు. ఔరంగాబాద్‌లో అంత పెద్ద సమాధి కట్టి, జనం నోట చివరికి "బీబీ కా మక్బరా" అని మిగిల్చారు. ఏ బీబీ? అక్కడ దిల్‌రస్ బాను అనే రాయాలి.

మన గోల్కొండకొస్తే హయాత్ బక్షీ బేగం ఉంది. మహమ్మద్ కులీకి కూతురు, సుల్తాన్ మహమ్మద్‌కి భార్య, అబ్దుల్లాకి తల్లి. ముగ్గురు రాజుల కింద మూడు చోట్ల ఆమెను ముక్కలు చేసి చెప్పడం మనకి అలవాటు. హయత్‌నగర్ ఊరుకి మాత్రం ఆమె పేరే ఉంది. భాగమతి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. షేర్వానీ లాంటి చరిత్రకారుడు ఆమె ఉనికినే ఒప్పుకోలేదు. ఆమె, హైదర్ మహల్ ఒక్కరేనని తీర్మానించి ఒకే పేరు కింద కలిపేయకుండా, భాగమతి పేరుతోనే ఉంచి, అది కథ అని, దానిపై వివాదం ఉందని పక్కనే రాయాలి.