రెండో డ్రైవర్ ఎలా వచ్చాడు

గంటల తరబడి సాగే కార్టింగ్ రేసులకు మేమిద్దరం ఒక జట్టు, నేనూ మా బావమరిదీ. బండి ఒకటే. ఒకరు ట్రాక్ మీద ఉంటే ఇంకొకరు పిట్‌లో ఉంటాం. మా గౌడవెల్లి ట్రాక్ మీద ఇలాంటి రేసు మొదలయ్యే ముందు డ్రైవర్లందరినీ నిలబెట్టి నిబంధనలు చదువుతారు. ఇద్దరిలో ప్రతి ఒక్కరూ కనీసం ఇంతసేపు నడిపి తీరాలి, ఒకసారి ఎక్కినవాళ్లు ఇంత సమయం దాటితే దిగి తీరాలి అన్నది వాటిలో ఒకటి. కొత్తగా వచ్చే పిల్లలకు ఇది మింగుడు పడదు. ఇద్దరిలో వేగంగా నడిపేవాడు ఒకడుంటాడు కదా, వాణ్నే తిప్పనిస్తే నాలుగు ల్యాపులు ఎక్కువ వస్తాయి కదా అంటారు. వాళ్లకు నేను చెప్పే జవాబు నూటపాతికేళ్ల నాటిది. అది సైకిళ్లతో మొదలవుతుంది.

అంతకన్నా ముందు నడక ఉంది. 1870ల్లో అమెరికాలో, ఇంగ్లండ్‌లో మనుషులు గుండ్రటి ట్రాక్ మీద రోజుల తరబడి నడుస్తుంటే వేలమంది టికెట్ కొని చూసేవాళ్లు. ఆదివారం చర్చి రోజు కాబట్టి ఆటలు కుదరవు. సోమవారం మొదలుపెడితే శనివారం రాత్రికి ముగించాలి. ఆరు రోజుల పందెం అలా పుట్టింది. ఎడ్వర్డ్ పేసన్ వెస్టన్ అనే ఆయన 1874లో అమెరికాలోని న్యూఆర్క్ పట్టణంలో ఆరు రోజుల్లో 500 మైళ్లు నడిచి చూపించాడు. 1878లో లండన్ అగ్రికల్చరల్ హాల్లో సర్ జాన్ ఆస్ట్లీ గెలిచినవాడికి బెల్టు ఇచ్చే పోటీ పెట్టాడు. అదే ఏడాది అదే హాల్లోకి సైకిళ్లు కూడా వచ్చాయి.

ఈ పందేల్లో ఒక్కడే మనిషి. నిద్ర ఎప్పుడు పోవాలో, అసలు పోవాలో వద్దో అతని ఇష్టం. పడుకున్న ప్రతి గంటా ఎదుటివాడికి లాభం కాబట్టి ఎవరూ సరిగా పడుకునేవారు కాదు. 1896 డిసెంబర్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన ఆరు రోజుల సైకిల్ పందెంలో మేజర్ టేలర్ అనే 18 ఏళ్ల నల్లజాతి కుర్రాడు పాల్గొన్నాడు. 1,732 మైళ్లు తొక్కి ఎనిమిదో స్థానంలో నిలిచాడు. నిద్ర లేక అతనికి భ్రమలు కలిగాయని, లేని మనుషులు కనిపించారని అప్పటి కథనాలు చెబుతాయి. అతను మామూలు కుర్రాడు కాదు. మూడేళ్ల తర్వాత మాంట్రియల్‌లో ప్రపంచ స్ప్రింట్ ఛాంపియన్ అయ్యాడు. అంత బలమైన శరీరమే అలా అయిపోయిందంటే మిగతావాళ్ల సంగతి ఊహించుకోవచ్చు. ఆ మరుసటి ఏడాది చార్లెస్ మిల్లర్ ఒక్కడే 2,093 మైళ్లు తొక్కి గెలిచాడు. జనం చప్పట్లు కొట్టారు, పత్రికలు మాత్రం దీన్ని క్రూరత్వమన్నాయి.

అప్పుడు న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది. పందేన్ని నిషేధించలేదు. ఒక మనిషి రోజుకు 12 గంటలకు మించి పోటీలో ఉండకూడదని మాత్రం నిర్ణయించింది. టికెట్లు అమ్ముకునేవాళ్లకు రాత్రీ పగలూ ఆట నడవాలి. 24 గంటలను 12తో భాగించారు. రెండు వచ్చింది. 1899 డిసెంబర్ పందెంలో ఇద్దరేసి మనుషుల జట్లు బరిలోకి దిగాయి. మిల్లర్, ఫ్రాంక్ వాలర్ కలిసి 2,733 మైళ్లు తొక్కి గెలిచారు. మన లెక్కలో దాదాపు 4,400 కిలోమీటర్లు. అదే మిల్లర్ ఒంటరిగా తొక్కిన దానికన్నా వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ!

ఈ చరిత్రలో నన్ను పట్టేసుకున్నది ఇదే. జోడీ కావాలని ఏ ఆటగాడూ అడగలేదు, ఏ వ్యాపారీ కోరలేదు. ఒక మనిషి ఒంటికి ఇంతకు మించి పని చెప్పకూడదని చట్టం గీత గీస్తే, ఆ గీతకు అవతల మిగిలిన గంటల్లోకి రెండో మనిషి వచ్చాడు. వచ్చాక ఆటే మారిపోయింది. ఒకరు దిగడం, ఇంకొకరు ఎక్కడం మొదట్లో విశ్రాంతి కోసమే. పోనుపోను ఆ మార్పిడే విద్య అయింది. విశ్రాంతిలో ఉన్నవాడు ట్రాక్ పైఅంచున నెమ్మదిగా తిరుగుతుంటాడు. పోటీలో ఉన్నవాడు వేగంగా వచ్చి అతని చేయి పట్టుకుని ముందుకు విసురుతాడు. తన వేగాన్ని అతనికిచ్చి తాను పైకి తప్పుకుంటాడు. పుట్టిన చోటి పేరుతోనే ఆ పోటీని ఇవాళ మాడిసన్ అంటున్నారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పురుషులకు పెట్టారు. 2012లో, 2016లో తీసేశారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌తో తిరిగి వచ్చింది, ఈసారి మహిళలకు కూడా. పురుషులకు 50 కిలోమీటర్లు, మహిళలకు 30. మన దగ్గర 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా యూనివర్సిటీలో సైకిల్ పందేల ట్రాక్, అంటే వెలోడ్రోమ్, కట్టారు. దాని మలుపు పైన నిలబడి కిందికి చూసినవాళ్లకు, ఆ వాలు మీద ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకుని రెండో చేత్తో సాటి మనిషిని విసరడం ఎంత పనో నేను వేరే చెప్పక్కర్లేదు.

పని గంటల మాట వచ్చింది కాబట్టి మా ఊరి పట్టాల సంగతి చెప్పాలి. గౌడవెల్లి స్టేషన్ ఉన్న లైను నిజాం కాలంలో వేసిన హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వేది. 1901 నాటికి సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా మీటర్ గేజ్ పట్టాలు పూర్తయ్యాయి. ఇప్పుడది బ్రాడ్ గేజ్, 2023 నుంచి మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు తిరుగుతోంది. మా తాత ఈ లైను మీద ఆవిరి ఇంజన్లలో ఫైర్‌మన్‌గా చేశాడు. ఇంజన్‌లో డ్రైవర్ ఒకడు, బొగ్గు వేసే ఫైర్‌మన్ ఒకడు. డ్రైవర్ చేతిలో రెగ్యులేటర్ ఉన్నా, ఫైర్‌మన్ నిప్పును సరిగా పరవకపోతే ఆవిరి ఉండదు, ఎత్తు ఎక్కదు. మలుపులో సిగ్నల్ తన వైపు పడితే ఫైర్‌మనే చూసి కేకేయాలి. డ్రైవర్ నిద్రకు తూగితే భుజం తట్టాల్సింది కూడా వాడే. కానీ ఇద్దరూ ఒకే సమయంలో డ్యూటీ ఎక్కి ఒకే సమయంలో అలసిపోయేవాళ్లు. పందెంలో లాగా ఒకరి బదులు ఒకరు పడుకునే వీలు లేదు. గూడ్సు బండిని పక్కకు తప్పించి లూప్ లైన్లో పెట్టేస్తే ఇల్లు చేరేది ఎప్పుడో దేవుడికే తెలియాలి.

ఇండియా 1919 నాటి వాషింగ్టన్ పని గంటల ఒప్పందాన్ని 1921లో ఆమోదించింది. దాన్ని బట్టి 1930లో రైల్వే చట్టాన్ని సవరించారు. అయినా ఇంజన్ మీది మనుషులకు రోజుకు ఇన్ని గంటలని గట్టి హద్దు లేకపోయింది. 1973 ఆగస్టులో దేశమంతటా లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె కట్టారు. రైల్వే మంత్రి ఎల్.ఎన్. మిశ్రా 10 గంటల డ్యూటీకి ఒప్పుకున్నాడు. ఆ సమ్మెలో మా తాత కూడా ఉన్నాడు. ఎప్పుడడిగినా జీతం మాట ఎత్తేవాడు కాదు. "పది గంటలకు దిగుడు మా హక్కు అన్నం, దింపుమన్నం" అనేవాడు. నేను పిట్‌లో హెల్మెట్ పెట్టుకుని నిలబడి, బావమరిదిని లోపలికి రమ్మని బోర్డు చూపిస్తున్నప్పుడు అప్పుడప్పుడూ ఆ మాట గుర్తొస్తుంది. బరువులో రెండింటికీ పోలిక లేదు. ఆయనది బతుకుతెరువు, నాది ఇష్టం. అయినా మనిషిని దింపాల్సిన సమయంలో దింపాలన్న ధర్మం ఒకటే.

మోటారు పందేల్లోకి ఈ ధర్మం ఆలస్యంగా వచ్చింది. 1907లో ఇంగ్లండ్ బ్రూక్‌లాండ్స్ ట్రాక్ తెరిచినప్పుడు ఎస్.ఎఫ్. ఎడ్జ్ 24 గంటలూ తానొక్కడే కారు నడిపి 1,581 మైళ్లు తిరిగాడు. 1923 మే నెలలో ఫ్రాన్స్‌లో మొదటి లె మాన్స్ 24 గంటల పందెం జరిగింది. అందులో ఆండ్రే లగాష్, రెనే లియోనార్ అనే ఇద్దరు ఒక షెనార్-వాల్కర్ కారును పంచుకుని గెలిచారు. కారుకు ఇద్దరు ఉండటం అలా అలవాటుగా మారింది. ఇద్దరూ ఎంతెంత నడపాలన్నది మాత్రం చాలాకాలం వాళ్ల ఇష్టానికే వదిలేశారు. 1950లో లూయీ రోజియే తన కొడుకును జోడీగా పెట్టుకున్నాడు. కొడుకు చేత రెండే రెండు ల్యాపులు నడిపించి, మిగతాదంతా తానే నడిపి గెలిచాడు. అదే ఏడాది ఎడ్డీ హాల్ తన బెంట్లీని 24 గంటలూ ఒక్కడే నడిపి ఎనిమిదో స్థానంలో నిలిచాడు.

ఇక 1952. పియర్ లెవే తన టాల్బో కారుతో మెర్సిడెస్ జట్టునంతా వెనక్కి నెట్టి, కొన్ని ల్యాపుల ఆధిక్యంతో ముందున్నాడు. పిట్‌లో అతని జోడీ రెనే మార్షాన్ దుస్తులు వేసుకుని, హెల్మెట్ పట్టుకుని, ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాడు. లెవే దిగలేదు. రాత్రి దిగలేదు, తెల్లవారినా దిగలేదు. ఇంజన్‌లో ఏదో తేడా ఉందని, దాన్ని సంభాళించుకోవడం తనకే తెలుసని అనుకున్నాడంటారు. పందెం ముగియడానికి ఇంకా గంటకు పైగా ఉందనగా ఇంజన్ విరిగిపోయింది. మెర్సిడెస్‌కు విజయం దక్కింది. అలసిన చేయి గేరు తప్పుగా వేసిందని కొందరు, లోహమే చెడిపోయిందని ఇంకొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదన సంగతి నాకెందుకు? పిట్‌లో కూర్చున్న మార్షాన్ గురించే నేను ఆలోచిస్తాను. రెండో మనిషిని పెట్టుకుని కూడా అతన్ని లేనట్టే చూడటం నాకు పందెం ఓడిపోవడం కన్నా పెద్ద తప్పనిపిస్తుంది. ఆ తర్వాత లె మాన్స్ గంటలకు హద్దులు పెట్టింది. ఇప్పుడు కారుకు ముగ్గురు డ్రైవర్లు. ఏ ఆరు గంటల్లోనైనా ఒక్కరు నాలుగు గంటలకు మించి నడపకూడదు. మొత్తం మీద 14 గంటలు దాటకూడదు. 2012లో కరుణ్ చందోక్ అక్కడ రేసు చేసిన మొదటి భారతీయుడయ్యాడు. డేవిడ్ బ్రాబమ్, పీటర్ డంబ్రెక్‌లతో కారు పంచుకుని ఆరో స్థానంలో ముగించాడు.

మా కార్టు ఆ కార్ల పక్కన చాలా చిన్నది. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ గడ్డి కోసే యంత్రం ఇంజన్ తీసి గొట్టాల చట్రానికి బిగిస్తే మొదటి కార్టు తయారైంది. ఈనాటికీ దానికి స్ప్రింగులు లేవు, పవర్ స్టీరింగ్ లేదు. వెనక రెండు చక్రాలకూ ఒకటే ఇరుసు. మలుపులో లోపలి వెనక చక్రం కాస్త లేస్తే తప్ప బండి సరిగా తిరగదు. ఆ లేపే పని స్టీరింగు పట్టిన చేతులదే. అరగంటకు మోచేతి కింది కండ బిగిసిపోతుంది, సీటు అంచు పక్కటెముకలను నొక్కేస్తుంది. మే నెల మధ్యాహ్నమైతే తారు సెగ నేరుగా ముఖానికే కొడుతుంది. అలసిన మనిషికి తాను నెమ్మదించిన సంగతి తెలియదు, బయట గడియారం పట్టుకున్నవాడికే తెలుస్తుంది. మా బావమరిది వరసగా మూడు ల్యాపుల్లో సమయం జారవిడిస్తే నేను బోర్డు పెట్టేస్తాను. వాడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా లోపలికి రావాలి. ఇది మా ఒప్పందం. నా విషయంలోనూ అంతే.

మార్చుకునేటప్పుడు మాట్లాడుకోవడానికి ఊపిరి తీసుకునేంత సమయమే ఉంటుంది. వాడు నాకన్నా తేలిక, కాబట్టి వాడు ఎక్కినప్పుడు సీటుకు సీసం బరువులు పెట్టాలి, నేను ఎక్కితే తీయాలి. ఆ సందులోనే చెవి దగ్గర అరుస్తాడు: "బావా, వెనక టైర్లు కాలినయ్, రెండో మలుపుల జారుతున్నది, లోపలికి పోకు!" ఆ ఒక్క ముక్క నాకు నాలుగు ల్యాపుల అనుభవాన్ని ఇస్తుంది. వాడి వేగం నాకు అందేది అలాగే.

హైదరాబాద్ నడిబొడ్డున కూడా పంచుకునే రేసింగ్ ఒకటి చూశాం. 2022 చివర్లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్ కార్లు పరుగెత్తాయి. జట్టుకు రెండు కార్లు, నలుగురు డ్రైవర్లు, వాళ్లలో ఒక మహిళ తప్పనిసరి. హైదరాబాద్ జట్టులో నీల్ జానీ ఉన్నాడు. 2016 లె మాన్స్‌ను రొమాన్ డ్యుమా, మార్క్ లీబ్‌లతో కలిసి గెలిచినవాడు. చివరి నిమిషాల్లో ముందున్న టొయోటా ఆగిపోతే వాళ్ల పోర్షె గెలిచింది. ఆ గెలుపు ముగ్గురి పేరు మీదా ఉంది. చివరికి స్టీరింగు ఎవరి చేతిలో ఉందన్నదానితో పని లేదు.

మా దగ్గర ఈమధ్య కనీస సమయం నిబంధనను సడలించాలని కొందరు అడిగారు. నేను వద్దన్నాను. పైగా ఇంకొకటి అడిగాను. ఫలితాల కాగితం మీద ఇప్పుడు జట్టు పేరూ మొత్తం ల్యాపులే ఉంటున్నాయి. ఇద్దరిలో ఎవరెన్ని ల్యాపులు వేశారో విడివిడిగా రాయమన్నాను. రోజియే కొడుకు నడిపింది రెండు ల్యాపులేనని ఇన్నేళ్ల తర్వాత మనం చెప్పుకోగలుగుతున్నామంటే ఎవరో ఆ రోజు లెక్క రాసి పెట్టబట్టే కదా. వచ్చే రేసు నుంచి రాస్తామని నిర్వాహకులు అన్నారు.