ఎవరి మాట మీద విమానం ఎక్కాలి?



అభాలో గానీ, ఖమీస్ ముషైత్‌లో గానీ మనోళ్ళు నలుగురు ఒక రూములో కూర్చుంటే, చాయ్ అయిపోయేలోపు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఫలానా కంపెనీ ఎట్లుంది?" ఊరి నుంచి బామ్మర్ది అదే అడుగుతాడు, పక్కింటి పిల్లగాడు అదే అడుగుతాడు. మనం చెప్పే జవాబు మీద ఒక ఇంటి అప్పు ఆధారపడి ఉంటుంది. నూటికి మూడు రూపాయల మిత్తికి లక్ష తెచ్చినోడికి నెలకు 3,000, ఏడాదికి 36,000 ఒక్క మిత్తికే పోతుంది. వచ్చిన కంపెనీలో మూడు నెలలు జీతం ఆగిందంటే ఊర్లో భూమి కాగితాలు షావుకారి ఇంట్లోనే ఉండిపోతాయి.

అందుకే ఈ ఏడాది పుస్తకంలో మేము ఆ ప్రశ్న చరిత్ర రాస్తున్నాం. పని గురించిన మాట ఒకరి నుంచి ఒకరికి ఎట్లా చేరుతూ వచ్చింది, ఏ మాట నిలబెట్టింది, ఏ మాట ముంచింది అన్నది మాకు తెలిసినంత మేరకు చెప్తాం.

మేస్త్రీ మాట

మన లైన్‌లో మేస్త్రీ అంటే గౌరవం. తాపీ మేస్త్రీ, సెంట్రింగ్ మేస్త్రీ అంటాం. కానీ నూరేళ్ళ కింద ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉండేది. గోదావరి, విశాఖ ప్రాంతాల నుంచి వేలాది మంది కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడ ఎక్కి రంగూన్ పోయేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళను 'కోరంగీలు' అనేవారు. రేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని చేయడం వీళ్ళ వంతు. ఆ పని చూపించేవాడు మేస్త్రీ. ఊర్లో అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు, ఓడ ఛార్జీ కట్టేవాడు, రంగూన్‌లో దిగినంక కూలిలో నుంచి పట్టుకునేవాడు. పని మంచిదని చెప్పేది ఆయనే, మనిషిని తీసుకుపోతే లాభం వచ్చేదీ ఆయనకే.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తీరినాక బర్మా వాళ్ళను పక్కకు పెట్టి మళ్ళీ మనోళ్ళను తీసుకున్నారు. దాంతో పెద్ద అల్లర్లు జరిగి ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రేవులో పరిస్థితి ఇట్లుందని కాకినాడలో ఓడ ఎక్కేవాడికి చెప్పాల్సింది ఎవరు? మేస్త్రీ చెప్పడు. చెప్తే మనిషి ఓడెక్కడు, మనిషి ఎక్కకపోతే ఆయన డబ్బు పుట్టదు. ఈ లెక్క ఇవాళ్టికీ మారలేదు. వీసా అమ్మేవాడు వీసా గురించి చెప్పే మాటను ఆ లెక్కతోనే వినాలి.

క్యాసెట్ మాట

తెలంగాణ నుంచి కూలీలు బొంబాయి పోవడం ఇంకా పాతది. కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది మనోళ్ళను కామాఠీలు అనడం వల్లనే. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో రోడ్లు, బిల్డింగుల పనులు మొదలైనాక కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మనుషులు ఇటు కదిలారు. అప్పట్లో సౌదీ పోయినా, మస్కట్ పోయినా మన ఊర్లలో "దుబాయి పోయిండు" అనే అనేవారు. అంటే మనిషి ఏ దేశంలో ఉన్నాడో కూడా ఊరికి సరిగ్గా తెలియని రోజులవి.

1983లో భారత ప్రభుత్వం ఎమిగ్రేషన్ చట్టం తెచ్చింది. రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటే మనుషులను పంపాలని చెప్పింది. కాగితం మీద అది మంచిదే. కానీ ఊర్లో తలుపు తట్టేది రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటు కాదు, ఆయన కింది సబ్ ఏజెంటు. కాబట్టి మనోళ్ళు నమ్మింది సెలవు మీద వచ్చినోడి మాటను. ఆయన చేతికి ఉత్తరాలు ఇచ్చి పంపేవారు. రాయడం రానోళ్ళు టేప్ రికార్డర్ ముందు కూర్చొని క్యాసెట్ నింపి పంపేవారు. ఆ క్యాసెట్‌లో అమ్మకు దండం, భార్యకు జాగ్రత్తలు, మధ్యలో "తమ్ముణ్ణి ఈ కంపెనీకి పంపకండి" అనే మాట. ఆ ఒక్క మాట విలువ ఏ ఏజెంటు చెప్పేదానికంటే ఎక్కువ. ఎందుకంటే చెప్పినోడు అక్కడి తిండి తిన్నాడు, చెప్పినందుకు ఆయనకు రూపాయి రాదు.

కానీ ఆ పద్ధతికి ఒక లోపం ఉంది. ఒకే ఊరివాళ్ళు ఒకే కంపెనీలో ఉంటే అందరికీ తెలిసింది ఒకటే. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా పరిశోధకుడు బోస్టన్ దగ్గరి న్యూటన్ అనే ఊర్లో, ఉద్యోగం ఎట్లా దొరికిందని మనుషులను అడిగి 1973, 74లలో ప్రచురించాడు. తెలిసినవాళ్ళ ద్వారా పని దొరికినవాళ్ళలో నూటికి 80 మందికి పైగా, రోజూ కలిసేవాళ్ళ ద్వారా కాక, ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ళ ద్వారానే దొరికిందని తేలింది. మన రూములో వాడికి తెలిసింది మనకూ తెలుసు. కొత్త సంగతి తెచ్చేది శుక్రవారం ఎక్కడో కలిసిన పక్క జిల్లా మనిషి.

కంప్యూటర్‌లోకి మనుషుల మాట

1990ల మొదట్లో అమెరికాలో చదువుకున్న పెద్ద ఉద్యోగులకు కూడా ఇదే తిప్పలు వచ్చింది. కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో ఈమెయిళ్ళు గుట్టలుగా వచ్చి పడుతుంటే, అందులో ఏది చదవాలో తెలియలేదు. అక్కడి నలుగురు కలిసి 'టాపెస్ట్రీ' అనే ఏర్పాటు చేసి 1992లో దాని గురించి రాశారు. చదివినవాడు దాని మీద "ఇది పనికొస్తుంది", "ఇది వద్దు" అని గుర్తు పెడతాడు. మిగతావాళ్ళు ఆ గుర్తులను చూసి చదువుతారు. అందరూ కలిసి జల్లెడ పట్టడం అన్నమాట.

1994లో మిన్నెసోటా, ఎంఐటీ వాళ్ళు 'గ్రూప్‌లెన్స్' అని ఇంకో మెట్టు ఎక్కారు. చదివిన ప్రతి దానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేయాలి. ఇంతకుముందు నీ మార్కులూ నా మార్కులూ ఎన్నిసార్లు కలిశాయో యంత్రం చూస్తుంది. బాగా కలిస్తే, నేను ఇంకా చదవని దానికి నువ్వు వేసిన మార్కును నాకు చూపిస్తుంది. క్యాంపు భాషలో చెప్పాలంటే, మెస్ గురించి, రూము గురించి, ఫోర్‌మన్ గురించి ఒక మనిషి చెప్పింది మూడుసార్లు మనకు నిజమని తేలితే, నాలుగోసారి కంపెనీ గురించి చెప్పినా నమ్ముతాం. ఇవాళ ఫోన్లో వీడియో కింద ఇంకో వీడియో, సామాను కింద ఇంకో సామాను చూపించే పద్ధతులకు మూలం ఇక్కడే ఉంది.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి, అందరి మాటకూ ఒకే తూకం ఉండదని. ఒకే కంపెనీ వెల్డర్‌కు బాగుండవచ్చు, హెల్పర్‌కు బాగుండకపోవచ్చు. షటరింగ్ కార్పెంటర్‌కు ఓవర్‌టైం దొరుకుతుంది, క్లీనింగ్ చేసేవాడికి దొరకదు. అందుకే "కంపెనీ మంచిదా?" అని అడిగితే సరిపోదు. మన పని చేసేవాడు ఏమంటున్నాడో అడగాలి.

రిపేరు పనివాళ్ళ పుస్తకం

అదే జిరాక్స్ కంపెనీలో ఇంకో కథ ఉంది. మాకు ఇదే ఎక్కువ నచ్చింది. జూలియన్ ఆర్ అనే పరిశోధకుడు ఫోటోకాపీ మిషన్లు రిపేరు చేసే టెక్నీషియన్ల వెంట తిరిగాడు. వాళ్ళు కంపెనీ ఇచ్చిన మాన్యువల్ ఒక్కదాని మీద పని నడపడం లేదు. తిండి దగ్గర కలిసినప్పుడు "ఆ మిషన్ నాకు ఇట్లా సతాయించింది, నేను ఇట్లా పట్టుకున్నా" అని చెప్పుకునే ముచ్చట్లతో పని నేర్చుకుంటున్నారు. ఆ సంగతులన్నీ 1996లో పుస్తకంగా వచ్చాయి.

తర్వాత ఆ ముచ్చట్లను నిలువ చేయడానికి 'యురేకా' అనే ఏర్పాటు వచ్చింది. 1990ల నడుమ ముందుగా ఫ్రాన్స్‌లో నడిచింది. టెక్నీషియన్ ఒక కిటుకు రాసి పంపుతాడు, అనుభవమున్న తోటి పనివాళ్ళు అది సరైందా కాదా చూస్తారు, సరైతే రాసినవాడి పేరుతో అందరికీ చేరుతుంది. కిటుకుకు ఇంత అని డబ్బు ఇవ్వలేదు. పేరు ఉంటే చాలన్నారు. సైటు మీద ఉన్నోళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. అభాలో చలికాలం రాత్రి పోసిన కాంక్రీటును ఎట్లా కప్పాలో చేసినోడికి తెలుసు. ఆయన సెలవు మీద పోతే ఆ తెలివి కూడా సూట్‌కేసుతో పాటు పోతుంది. రాసి పెడితే మిగులుతుంది.

పనివాడు యజమానికి మార్కులు వేసిన కాలం

అప్పటిదాకా మార్కులన్నీ పనివాడికే పడేవి. 2008లో అమెరికాలో ఇద్దరు విద్యార్థులు దాన్ని తిప్పారు. అమెజాన్ వాళ్ళ మెకానికల్ టర్క్ అనే చోట చిన్న చిన్న కంప్యూటర్ పనులకు చిల్లర కూలి ఇచ్చేవారు. పని చేసినాక "నచ్చలేదు" అని కూలి ఎగ్గొట్టినా అడిగేవాడు లేడు. వీళ్ళు 'టర్కాప్టికాన్' అని చేసి, పని ఇచ్చేవాళ్ళకు పనివాళ్ళే మార్కులు వేసేటట్టు చేశారు. నాలుగు ప్రశ్నలు: అడిగితే జవాబు ఇస్తాడా, కూలి సరిపడా ఇస్తాడా, న్యాయంగా చూస్తాడా, టైముకు ఇస్తాడా. ఈ నాలుగూ మన కంపెనీలకు కూడా అచ్చంగా సరిపోతాయి.

2014లో మెక్సికో నుంచి అమెరికా పోయే కూలీల కోసం 'కాంట్రాటాదోస్' వచ్చింది. ఏజెంటు ఎట్లాంటివాడు, యజమాని ఎట్లాంటివాడు అన్నది పోయివచ్చినోళ్ళే చెప్తారు. 2018లో అంతర్జాతీయ కార్మిక సంఘాల సమాఖ్య 'రిక్రూట్‌మెంట్ అడ్వైజర్' మొదలుపెట్టింది. అందులో వలస కార్మికులు రిక్రూటింగ్ ఏజెన్సీలకు మార్కులు వేస్తారు. రంగూన్ కూలీ చేతిలో లేని సాధనం ఇది. మేస్త్రీ గురించి కూలీ చెప్పిన మాట, ఓడ ఎక్కబోయే ఇంకో కూలీకి ముందుగానే చేరడం.

అభాలో మన సంగతి

మనం ఉండే ఊరు సముద్రానికి 2,200 మీటర్ల ఎత్తున ఉంది. కొండ మీద కంపెనీ, కొండ కింద ఇంకో సైటు, నడుమ ఘాట్ రోడ్డు. మనోళ్ళు ఒకచోట లేరు, చెల్లాచెదురుగా ఉన్నారు. సూదా కొండ మీద పెద్ద టూరిస్టు పనులకు 2021లో సూదా డెవలప్‌మెంట్ కంపెనీని పెట్టినాక ఈ వైపు పని గురించి అడిగేవాళ్ళు పెరిగారు. అదే ఏడాది మార్చి 14 నుంచి సౌదీలో కొత్త నిబంధనలు వచ్చాయి. కాంట్రాక్టు ముగిసినాక కఫీల్ ఒప్పుకోకున్నా ఇంకో కంపెనీకి మారవచ్చు. ఇళ్ళలో పని చేసే డ్రైవర్లు, ఇంటి పనివాళ్ళు, తోటమాలులు, గొర్రెల కాపరులు ఇందులోకి రారు. మారే హక్కు వచ్చింది గానీ, ఎటు మారాలో చెప్పే నమ్మకమైన మాట లేకపోతే ఆ హక్కు సగమే.

మాట లేదని కాదు, ఫోన్ల నిండా ఉంది. కానీ ఆ మాటకు తారీఖు ఉండదు. నాలుగేళ్ళ కింద ఎవరో పెట్టిన "ఈ కంపెనీ సూపర్" అన్న వాయిస్ మెసేజ్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. చెప్పినోడు ఆ కంపెనీలో పని చేశాడో, వీసా అమ్ముతున్నాడో తెలియదు. మాకు తెలిసిన ఒక కంపెనీలో, పేరు రాయం, మనోళ్ళకు ఐదు నెలలు జీతం రాలేదు. ఆ క్యాంపులో ప్రతి మంచానికీ ఆ సంగతి తెలుసు. అదే నెలలో ఊర్లో సబ్ ఏజెంటు అదే కంపెనీకి ఏడుగురిని తయారు చేశాడు. క్యాంపులో ఉన్న నిజం పక్క జిల్లాలో అప్పు చేస్తున్న మనిషికి చేరలేదు. వాళ్ళు దిగినాకే తెలిసింది.

మనం ఏం రాసుకోవాలి

ఈ చరిత్ర అంతా చూస్తే పనికొచ్చిన మాటకు గుర్తులు ఒకటే. చెప్పినోడు ఆ పని స్వయంగా చేశాడు. ఎప్పటి సంగతో చెప్పాడు. చెప్పినందుకు ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోలేదు. తోటివాళ్ళు ఇద్దరు ముగ్గురు అది నిజమేనని చూశారు.

అందుకే మన సంఘంలో ఒక రిజిస్టరు పెట్టాలని మా కోరిక. సెలవు మీద పోయే ప్రతి మనిషీ పోయే ముందు పది నిమిషాలు కూర్చొని చెప్పాలి. రాయడం రాకపోతే ఇంకొకరు రాస్తారు. పని ఏమిటి, ఏ నెల నుంచి ఏ నెల దాకా చేశాడు, కాంట్రాక్టులో జీతం ఎంత, చేతికి వచ్చింది ఎంత, ఎన్ని రోజులు ఆలస్యం, అఖామా రెన్యువల్ డబ్బు ఎవరు కట్టారు, ఓవర్‌టైం, రూము, తిరుగు టికెట్. ఒకే పని చేసిన ఇద్దరు ముగ్గురి మాట కలిసినాకే అడిగినోడికి చెప్పాలి. ఇంకా ఎవరూ పోని కొత్త కంపెనీ అయితే "మాకు తెలిసినోళ్ళు లేరు" అని చెప్పాలి. అది కూడా ఒక జవాబే. ఊహించి చెప్పడం కంటే మేలు.

ఒక జాగ్రత్త. సౌదీలో 2007 నాటి సైబర్ నేరాల చట్టం ఉంది. ఫోన్ల ద్వారా, ఇంటర్నెట్ ద్వారా ఇతరుల పరువు తీస్తే ఏడాది దాకా జైలు, 5,00,000 రియాళ్ళ దాకా జరిమానా పడవచ్చు. కాబట్టి కోపంతో కంపెనీ పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో తిట్టవద్దు. రిజిస్టరు బయట తిరగకూడదు, ఫోటో తీసి పంపకూడదు. అందులో తిట్లు, ఊహలు వద్దు. తారీఖు, అంకె చాలు. జీతం ఆగితే దానికి దారులు వేరే ఉన్నాయి. సౌదీ లేబర్ ఆఫీసు ఉంది, మన అసీర్ ప్రాంతాన్ని చూసే జెద్దా కాన్సులేట్ ఉంది, 2015 నుంచి మదద్ పోర్టల్ ఉంది.

ఊరి నుంచి అడిగేవాళ్ళకు రెండు సంగతులు మాత్రం ఇప్పుడే చెప్పండి. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూడాలి. ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే, దానికి రసీదు తప్పనిసరి. సౌదీ కార్మిక చట్టం 40వ ఆర్టికల్ ప్రకారం రిక్రూట్‌మెంట్ ఫీజు, అఖామా ఖర్చు యజమానివే.

ఈ అసీర్ ప్రాంతంలో ఇళ్ళ లోపలి గోడల మీద ఆడవాళ్ళు రంగులతో వేసే ముగ్గుల్లాంటి బొమ్మలను 'అల్-ఖత్' అంటారు. 2017లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఇంటావిడ బంధువుల ఆడవాళ్ళను పిలుచుకుంటుంది, అందరూ కలిసి ఆ గోడ నింపుతారు. పెద్దవాళ్ళను చూసి చిన్నవాళ్ళు నేర్చుకుంటారు. మన రిజిస్టరు కూడా అట్లా నిండాలి. ఈ నెల సెలవు మీద పోయే అన్నలు, తమ్ముళ్ళు ఆఖరి శుక్రవారం పది నిమిషాలు మాకు ఇచ్చి పోవాలని మనవి.